మేడ్చల్ లైనులో బండి రద్దయిందని ప్లాట్‌ఫారం ఎక్కాకే ఎందుకు తెలుస్తోంది?

గుండ్లపోచంపల్లి వాసి
ఉదయం సికింద్రాబాద్ వెళ్లే లోకల్ బండి రద్దయితే ఆ సంగతి ప్రయాణికుడికి ఎప్పుడు తెలియాలి? మా దగ్గర బండి రావలసిన సమయం దాటిపోయాక, పక్కన నిలబడినవాళ్లను అడిగితే తెలుస్తోంది. ఫోనులో చూస్తే సమయానికే నడుస్తున్నట్టు ఉంటుంది. మైకులో దూరప్రాంత రైళ్ల గురించి మూడు భాషల్లో చెబుతారు, మా బండి ఊసే ఉండదు. ఈ వారం మళ్లీ అదే జరిగింది. స్టేషన్ నుంచి మెయిన్ రోడ్డు దాకా వెనక్కి నడిచి, నిండిపోయి వచ్చే బస్సు పట్టుకుని, ఆఫీసులో మాట పడ్డాను.
ఆలస్యమైతే సర్దుకుంటాను. చెప్పకుండా రద్దు చేయడం మాత్రం మింగుడు పడటం లేదు. మిగతా లైన్లలోనూ ఇంతేనా? ఎవరైనా ఫిర్యాదు చేసి ఏమైనా సాధించారా?

అల్వాల్ రాధిక
మాకూ ఇదే గతి. రద్దయిన మర్నాడు పేపరులో లోపలి పేజీలో చిన్న వార్త వస్తుంది. మర్నాడు చదివి ఏం చేసుకోవాలి?

మియాపూర్ మహేశ్
ఇంత బాధ పడేకంటే మెట్రో ఎక్కవచ్చు కదా. అయిదారు నిమిషాలకొకటి వస్తుంది. నేను లోకల్ బండి మానేసి చాలా కాలమైంది, ప్రాణం హాయిగా ఉంది.

బొల్లారం శ్రీను
మహేశ్ గారూ, మీకు మియాపూర్‌లో ఇంటి ముందే మెట్రో ఉంది. అల్వాల్‌కు, బొల్లారానికి, మల్కాజిగిరికి, మేడ్చల్‌కు లేదు. ఫలక్‌నుమాకూ లేదు. మేము మెట్రో ఎక్కాలంటే ముందు సికింద్రాబాద్ చేరాలి. అక్కడికి చేర్చే బండి గురించే ఈ గొడవంతా.

మియాపూర్ మహేశ్
ఒప్పుకుంటాను. కానీ బస్సులున్నాయి కదా. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు టికెట్ కూడా లేదు. బండ్లలో జనం తగ్గారు కాబట్టే రద్దు చేస్తున్నారేమో.

అల్వాల్ రాధిక
జనం తగ్గితే బండి తగ్గించారా, బండిని నమ్మలేక జనం తగ్గారా? నేను రెండోదే అంటాను. బస్సు ఉచితమే, కాదనను. ఆ బస్సులో ఉదయం ఎనిమిదిన్నరకు ఒంటికాలి మీద నిలబడి ప్యాట్నీ దాకా రండి, తర్వాత మాట్లాడుకుందాం.

రాత్రి డ్యూటీ నర్సు
నా సంగతి చెబుతాను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని చేస్తాను. ఉదయం షిఫ్టు పడిన రోజుల్లో వేలిముద్ర వేయడంలో పావుగంట దాటితే సగం రోజు జీతం పోతుంది. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. నేను వెళ్లేదాకా రాత్రంతా మేలుకున్న అమ్మాయి వార్డు వదిలి వెళ్లకూడదు. నా బండి ఆగితే ఆమె ఇంటికి వెళ్లే బండి కూడా పోతుంది. ఆమెకు చంటిబిడ్డ ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేక తల దించుకుంటాం. తప్పు ఇద్దరిదీ కాదు.
బండి ఆలస్యమైందని మా సూపర్‌వైజర్‌కు చెబితే రుజువు చూపించమంటారు. ఏం చూపించాలి? ఫోనులో అది సమయానికే వచ్చినట్టుంది. రద్దు ప్రకటన స్టేషన్‌లో ఎక్కడా అతికించలేదు. "బండి రాలేదు" అని కాగితం మీద ముద్ర వేసి ఇమ్మని బుకింగ్ కౌంటరులో అడిగితే, అలాంటి పద్ధతి లేదన్నారు. ఇస్తే ఎంత మేలు జరిగేదో.

యొకొహమా నుంచి వంశీ
నర్సు గారూ, మీరు అడిగిన ముద్ర కాగితం ఇక్కడ జపాన్‌లో రోజూ ఇస్తారు. బండి ఆలస్యమైతే స్టేషన్ గేటు దగ్గర సిబ్బంది చిన్న చీటీలు పట్టుకుని నిలబడతారు. ఏ లైను, ఏ తేదీ, ఎన్ని నిమిషాలు అన్నీ దాని మీద ఉంటాయి. కంపెనీలు, బడులు ఆ చీటీని అంగీకరిస్తాయి. ఇప్పుడు వెబ్‌సైటులో కూడా దించుకోవచ్చు. 2017 నవంబరులో సుకుబా ఎక్స్‌ప్రెస్ అనే శివారు లైనులో ఒక బండి 20 సెకన్లు ముందుగా కదిలిందని కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

బొల్లారం శ్రీను
20 సెకన్లా! మా పెట్టెలో పేకాడే బృందానికి ఈ సంగతి చెప్పాను. ఒకాయన "అంత తొందరగా వెళితే ఆట ఎప్పుడు పూర్తవుతుంది" అని నిజంగానే దిగులు పడ్డారు.

విశ్రాంత గార్డు
వంశీ గారు చెప్పిన ఆ లైను 2005లో కొత్తగా వేసింది. దాని పట్టాల మీద దాని బండ్లు తప్ప వేరేవి నడవవు, లెవెల్ క్రాసింగ్ గేట్లు లేవు. మన బండి పరిస్థితి అది కాదు. చాలా ఏళ్లు ఈ బండ్ల వెనక పెట్టెలో జెండా పట్టుకుని నిలబడ్డవాణ్ణి, కొంచెం వివరంగా రాస్తాను.
ఎంఎంటీఎస్, అంటే మన ఈ లోకల్ బండ్ల సర్వీసు, 2003 ఆగస్టు 9న మొదలైనప్పుడు కొత్త పట్టాలు వేసుకుని మొదలు కాలేదు. ఉన్న మెయిన్ లైనుకే విద్యుత్ తీగలు, సిగ్నళ్లు, ప్లాట్‌ఫారాలు బాగు చేసి, ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సుల నడుమ లోకల్ బండ్లను జొప్పించారు. తక్కువ ఖర్చులో నగరానికి శివారు రైలు వచ్చింది, అది మంచి ఆలోచనే. కానీ లింగంపల్లి నుంచి వచ్చే బండికి బేగంపేట దాటాక హుస్సేన్‌సాగర్ జంక్షన్ ఉంటుంది. అక్కడ ఒక దారి నాంపల్లికి, ఒక దారి సికింద్రాబాద్‌కు. ముంబయి నుంచో వాడి వైపు నుంచో ఒక ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగా వచ్చి ఆ జంక్షన్‌ను పట్టుకుంటే లోకల్ బండి జంక్షన్ ముందుండే హోమ్ సిగ్నల్ దగ్గర నిలబడుతుంది. ఒక్కసారి నిలబడితే ఆ రోజంతా తేరుకోదు. ఎందుకంటే అదే రేకు, అంటే అదే పెట్టెల వరుస, లింగంపల్లి వెళ్లి, తిరిగి ఫలక్‌నుమా వచ్చి, మళ్లీ వెనక్కి పోవాలి. ఉదయం పోగొట్టుకున్న పది నిమిషాలు మధ్యాహ్నానికి ముప్పావు గంట అవుతాయి. అప్పుడు బండ్ల రాకపోకలు చూసే కంట్రోలు గదిలో ఒక ట్రిప్పు ఎత్తేసి బండిని మళ్లీ వరుసలో పెడతారు. మీరు ప్లాట్‌ఫారం మీద "రద్దు" అని వినేది చాలాసార్లు ఇదే. ఆ నిర్ణయం అప్పటికప్పుడు జరుగుతుంది కాబట్టి ముందుగా చెప్పడం కుదరదు.

గుండ్లపోచంపల్లి వాసి
అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయమైనా, తీసుకున్న నిమిషంలో మైకులో చెప్పవచ్చు కదా గార్డు గారూ? బండి నా దగ్గరికి రావడానికి ఇంకా అరగంట ఉండగానే అది రాదని కంట్రోలుకు తెలుసు. ఆ అరగంట నాకు ఇస్తే బస్సుకు వెళతాను.

విశ్రాంత గార్డు
చెప్పవచ్చు. చెప్పాలి కూడా. ఈ విషయంలో మీతో వాదించను. చిన్న హాల్ట్ స్టేషన్లలో టికెట్లు ఇచ్చే మనిషి ఒక్కరే ఉంటారు, కొన్నిచోట్ల కాంట్రాక్టు మనిషి. వాళ్లకు కంట్రోలు నుంచి నేరుగా ఫోను రాదు. మైకు సికింద్రాబాద్ లాంటి పెద్ద స్టేషన్ల కోసం పెట్టుకున్న ఏర్పాటు. లోపం అక్కడుంది.
సమయపాలన లెక్క గురించి కూడా ఒక మాట. మన దేశంలో మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల సమయపాలనను చివరి స్టేషన్ చేరే సమయాన్ని బట్టి లెక్క కడతారు. 15 నిమిషాల లోపు ఆలస్యమైతే సమయానికి వచ్చినట్టే. అందుకే టైంటేబులులో చివరి స్టేషన్ ముందు అదనపు నిమిషాలు కలుపుతారు. ఎక్స్‌ప్రెస్‌కు అది సరిపోతుందేమో కానీ మధ్య స్టేషన్‌లో ఎక్కి మధ్య స్టేషన్‌లో దిగే లోకల్ ప్రయాణికుడికి ఆ లెక్కతో ఏ సంబంధమూ లేదు. రోజూ పై అధికారులు అడిగేది ఎక్స్‌ప్రెస్ ఎందుకు ఆలస్యమైందనే. లోకల్ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఇద్దరిలో ఒకరిని ఆపాలంటే కంట్రోలర్ ఎవరిని ఆపుతాడో మీరే ఊహించండి.

హఫీజ్‌పేట అపర్ణ
ఈ పోస్టు చదివాక చాలా ఏళ్ల అనుమానం తీరింది. బేగంపేట దాటాక ఎందుకు ఆగుతామో ఎవరూ చెప్పలేదు. రోజూ ఆగిన చోట కిటికీలోంచి కనిపించే మునగచెట్టు పూత, కాయ, అన్నీ చూశాను.

యాకుత్‌పురా రషీద్
సిగ్నల్ దగ్గర ఆపితే తిట్టుకోకండి. 2019 నవంబర్ 11న కాచిగూడలో ఎంఎంటీఎస్ వెళ్లి హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొంది. లోకో పైలట్ గంటల తరబడి క్యాబిన్‌లో ఇరుక్కుపోయారు. బయటికి తీశారు కానీ తర్వాత ఆసుపత్రిలో చనిపోయారు. ఆ రోజు మా వీధి పిల్లలు ఆ లైనులోనే కాలేజీకి వెళ్లారు. ఎర్ర దీపం ఉంటే ఆగనివ్వండి, ఎంతసేపైనా సరే.

విశ్రాంత గార్డు
రషీద్ గారూ, ఆ లోకో పైలట్‌ను తలచుకుంటే మా వాళ్లందరికీ ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

పట్టాల పరిశోధకుడు
గార్డు గారు చెప్పింది ఆలస్యాలకు సరిపోతుంది. రద్దులకు అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. చరిత్ర చూడండి. కోవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు నడిచేవి. 2020 మార్చిలో అన్నీ ఆగిపోయాయి. 2021 జూన్ 23న మళ్లీ మొదలుపెట్టినప్పుడు 10 సర్వీసులతో మొదలుపెట్టారు. అంటే పదిహేను నెలలు ఈ నగరంలో శివారు రైలు లేదు. ఆ పదిహేను నెలల్లో వేలమంది బైకు కొనుక్కున్నారు, అప్పు చేసి మరీ. వాళ్లు తిరిగి రాలేదు. తర్వాత ఆదివారాల్లో ట్రాక్ పనుల పేరుతో మూకుమ్మడి రద్దులు అలవాటయ్యాయి.
ఎంఎంటీఎస్ రెండో దశ 2012-13లో మంజూరైంది, ఖర్చు అంచనా 816 కోట్లు. మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. డబ్బు ఎవరు ముందు పెట్టాలన్న దాని మీదే ఏళ్లు గడిచాయి. మేడ్చల్ లైను, ఉందానగర్ లైను 2023 ఏప్రిల్ 8న ప్రారంభమయ్యాయి. ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి 2024 మార్చి 5న పచ్చజెండా ఊపారు. పట్టాలు వచ్చాయి, తీగలు వచ్చాయి, ప్లాట్‌ఫారాలు వచ్చాయి. బండ్లు మాత్రం రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. దూరదూరంగా నడిచే బండి ఒక్కటి రద్దయితే ప్రయాణికుడి చేతిలో మిగిలేది శూన్యం. పది నిమిషాలకొక బండి ఉంటే ఒకటి రద్దయినా ఎవరూ ఈ ప్రశ్న అడగరు.

మియాపూర్ మహేశ్
ఇదే నేనూ అంటున్నది. పది నిమిషాలకొకటి నడపలేనప్పుడు నమ్ముకోవడం దేనికి?

మోండా మార్కెట్ కొడుకు
నమ్ముకోవడం దేనికో నేను చెబుతాను మహేశ్ అన్నా. మా అమ్మ మేడ్చల్ దగ్గరి ఊళ్లో కరివేపాకు, తోటకూర, పుదీనా కట్టలు కట్టి, ఉదయం మొదటి బండిలో సికింద్రాబాద్ తెచ్చి మోండా మార్కెట్ బయట కూర్చుని అమ్ముతుంది. కనీస టికెట్ 5 రూపాయలు. మూటలు పెట్టుకునే చోటు ఉంది, తోటివాళ్లు చెయ్యి వేసి దింపుతారు. మెట్రోలో ఆ మూటలు రానివ్వరు. బస్సులో టికెట్ లేకపోయినా కండక్టరు మూటలు చూసి ఎక్కించుకోడు, అతని బాధ అతనిది. బండి రాకపోతే నలుగురు కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకుంటారు. ఆ రోజు లాభమంతా దానికే పోతుంది. ఆలస్యంగా చేరితే ఆకు వాడిపోయి సగం ధరకే అడుగుతారు.
ఆమెకు స్మార్ట్‌ఫోను లేదు. మీరంతా యాప్ గురించి, వెబ్‌సైటు గురించి మాట్లాడుతున్నారు. మైకులో చెప్పాలి. గోడకు అతికించాలి. తెలుగులో.

అల్వాల్ రాధిక
ఈ పోస్టును అందరూ చదవాలి. మైకు, గోడ, తెలుగు. మూడూ రాసి పెట్టుకుంటున్నాను.

లోయర్ పరేల్ సుజాత
ముంబయిలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. మా తాత కరీంనగర్ నుంచి బట్టల మిల్లు పనికి వచ్చారు. ఇక్కడ రద్దులు లేవనుకోకండి. ప్రతి ఆదివారం ఏదో ఒక లైనులో మెగా బ్లాక్ ఉంటుంది, అంటే పట్టాల పనికి కొన్ని గంటలు బండ్లు ఆపేస్తారు. 2024లో మే చివర్న ఠాణేలో ప్లాట్‌ఫారం వెడల్పు పనికి 63 గంటల బ్లాక్ పెట్టి, 930 లోకల్ సర్వీసులు రద్దు చేశారు. తిట్టుకున్నాం, అల్లాడిపోయాం. కానీ ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ లైను, ఫాస్టా స్లోనా అన్నది ముందే అందరి నోట్లో ఉంది. ఆఫీసులు ఇంటి నుంచి పని చేయమన్నాయి. ఆదివారం పెళ్లి పిలుపు వస్తే మా ఇంట్లో మొదట చూసేది ముహూర్తం కాదు, మెగా బ్లాక్ ఎక్కడ అని.
ఇంకొకటి. ఇక్కడ లోకల్ బండ్లకు చాలా దూరం వేరే పట్టాలున్నాయి. ఠాణే నుంచి దివా దాకా అయిదో, ఆరో లైను 2022 ఫిబ్రవరిలో పూర్తయింది. దానికి పట్టిన ఏళ్లు అడగకండి. అయినా అది వచ్చాక ఎక్స్‌ప్రెస్‌లు లోకల్ దారిలోంచి కొంత తప్పుకున్నాయి. మీ దగ్గర కూడా అడగవలసింది అదే, వేరే పట్టాలు.

తాంబరం తాత
చెన్నైలో నాలుగో లైను కోసం బీచ్ స్టేషన్ నుంచి చింతాద్రిపేట దాకా ఎత్తుమీద నడిచే రైలును 2023 ఆగస్టులో ఆపేశారు. ఏడు నెలలన్నారు. 2024 అక్టోబర్ చివరికి గాని తిరిగి నడవలేదు. మైలాపూరు వైపు నుంచి వచ్చేవాళ్లు చింతాద్రిపేటలో దిగి బస్సులు వెతుక్కున్నారు. ముందుగా చెప్పారు, నిజమే. చెప్పిన గడువును నిలబెట్టుకోకపోతే ముందుగా చెప్పడం వల్ల సగమే లాభం. సుజాతగారి మాటకు ఇది నా జోడింపు.

కాచిగూడ కుర్రవాడు
మన ఊళ్లో వేరే పట్టాలకు స్థలం ఎక్కడిది? సీతాఫల్‌మండి నుంచి మలక్‌పేట దాకా ఇళ్ల గోడలు పట్టాలకు ఆనుకుని ఉన్నాయి.

పట్టాల పరిశోధకుడు
అన్నిచోట్లా అక్కర్లేదు. ఇరుకు చోట్లలో దూరప్రాంత రైళ్లను తగ్గిస్తే చాలు. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. కొన్ని రైళ్లు అటు మళ్లాయి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం పూర్తయ్యేదాకా ఇంకొన్ని మళ్లక తప్పదు. ఖాళీ అయిన ఆ సమయాన్ని ఎవరికి ఇస్తారన్నదే అసలు ప్రశ్న. మరో ఎక్స్‌ప్రెస్‌కా, లోకల్ బండికా? ఇప్పుడు అడగకపోతే ఎక్స్‌ప్రెస్‌లే నింపేస్తాయి.

విశ్రాంత గార్డు
ఈ మాట అక్షరాలా నిజం. టైంటేబుల్‌లో ఖాళీ దొరికితే దాన్ని అడిగే ఎంపీలు దేశమంతా ఉన్నారు. లోకల్ బండి తరఫున అడిగేవాళ్లు తక్కువ.

వకీలు గుమాస్తా
పరిహారం సంగతి ఎవరూ ఎత్తలేదు. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2016లో అజ్మీర్ నుంచి జమ్మూ వెళ్లే రైలు నాలుగు గంటలు ఆలస్యమై ఒక కుటుంబం శ్రీనగర్ విమానం అందుకోలేకపోయింది. ఆలస్యం తమ చేతిలో లేని కారణం వల్ల జరిగిందని రైల్వే రుజువు చేసుకోవాలి, చేసుకోలేకపోతే పరిహారం ఇవ్వాలి అంది కోర్టు. 30 వేల రూపాయలు ఇప్పించారు.

బొల్లారం శ్రీను
అయిదు రూపాయల టికెట్టుకు వినియోగదారుల కమిషన్‌కు ఎవరు వెళతారు గుమాస్తాగారూ? ఒక రోజు సెలవు పెడితే దానికంటే ఎక్కువ పోతుంది.

వకీలు గుమాస్తా
డబ్బు కోసం వెళ్లమని కాదు. కారణం చూపించవలసిన భారం ఎవరి మీద ఉందో కోర్టు చెప్పింది, అది పనికొస్తుంది. "సాంకేతిక కారణాలు" అన్న ఒక్క మాటతో చేతులు దులుపుకోవడం కుదరదని అర్థం. మొదటి పోస్టు పెట్టినవారు ఫిర్యాదు గురించి అడిగారు కదా, దానికి నా జవాబు ఇదీ. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోను చేసినా, రైల్వే ఫిర్యాదుల సైటు రైల్ మదద్‌లో రాసినా నంబరు వస్తుంది, మర్యాదగా ఒక జవాబు కూడా వస్తుంది, ఫిర్యాదు మూసేస్తారు. దానితోపాటు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కేంద్ర సంస్థలకు ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

హఫీజ్‌పేట అపర్ణ
ఏమని అడగాలి? "బండ్లు ఎందుకు రద్దవుతున్నాయి" అంటే పైన చెప్పిన ఆ సాంకేతిక కారణాలే రాసి పంపుతారు.

వకీలు గుమాస్తా
"ఎందుకు" అని అడగకూడదు. రికార్డులో ఉన్నదాన్ని అడగాలి. గత ఆరు నెలల్లో మేడ్చల్–సికింద్రాబాద్ మధ్య 47తో మొదలయ్యే నంబరున్న ఏ లోకల్ బండి ఏ తేదీన రద్దయింది, ప్రతి రద్దుకు రిజిస్టరులో రాసిన కారణం నకలు, అంతే.

విశ్రాంత గార్డు
ఇంకొక్కటి చేర్చండి. రద్దు నిర్ణయం ఎన్ని గంటలకు జరిగింది, ఆ సంగతి ఏ స్టేషన్‌కు ఎన్ని గంటలకు చెప్పారు. మొదటిది కంట్రోలు చార్టులో నిమిషంతో సహా ఉంటుంది. రెండోది చాలా స్టేషన్లకు ఉండకపోవచ్చు. ఉండకపోతే "సమాచారం లేదు" అని రాతపూర్వకంగా వస్తుంది. మీకు కావలసింది ఆ వాక్యమే.

రాత్రి డ్యూటీ నర్సు
ఆ రద్దుల జాబితా వస్తే నాకూ పంపండి. మా ఆసుపత్రిలో జీతం కోసిన తేదీలు నా దగ్గర రాసి ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి అడుగుతాను.

మియాపూర్ మహేశ్
నేను లోకల్ ఎక్కను కానీ దరఖాస్తు ఆంగ్లంలో రాయడం వచ్చు. ముసాయిదా ఈ రాత్రికి ఇక్కడ పెడతాను. మోండా మార్కెట్ తమ్ముడూ, మీ అమ్మగారు ఎక్కే బండి సమయం చెప్పు, మొదటి వరుసలో దాన్నే పెడదాం.

మోండా మార్కెట్ కొడుకు
అమ్మను అడిగి చెబుతాను అన్నా. బండి నంబరు ఆమెకు తెలియదు, కానీ ఏ తేదీల్లో రాలేదో పాలవాడి క్యాలెండరు మీద గీతలు పెట్టింది. ఫొటో తీసి పంపిస్తాను.

యాకుత్‌పురా రషీద్
ఫలక్‌నుమా లైనును కూడా ఇందులోనే కలపమని అడుగుదామనుకున్నాను.

వకీలు గుమాస్తా
కలపకండి. ఒక్క దరఖాస్తులో రెండు లైన్లు పెడితే సమాచారం విస్తారంగా ఉందని తిప్పి పంపే వీలుంటుంది. మీది వేరే వేయండి, అవే ప్రశ్నలు, స్టేషన్ల పేర్లు మార్చి.

గుండ్లపోచంపల్లి వాసి
మేడ్చల్ దరఖాస్తు నా పేరు మీద వేస్తాను. రుసుము నేనే కడతాను. ఎవరి దగ్గరైనా రద్దయిన తేదీలు ఉంటే ఆదివారం లోపు ఇక్కడ రాయండి, స్టేషన్ పేరు, బండి రావలసిన సమయం తప్పనిసరి.